చుట్టి వచ్చే మాట

"వాలంటీరంటివే నాయనా, పింఛను తెచ్చినావా?"

పూతలపట్టు దాటినాక పాకాల వైపు పోయే దారిలో, మామిడి తోపుల నడుమ ఉన్న ఒక పల్లెలో ఓ ముసలమ్మ అడిగిన ప్రశ్న ఇది. అడిగింది నన్ను కాదు, నా పక్కన నిలబడ్డ ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి. బెంగళూరులో వ్యాను ఎక్కి పలమనేరు, చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి అంటూ రోడ్డు పట్టుకుని పోతూ, దారిలో తగిలిన చిన్న చిన్న చర్చిల్లో రెండేసి రోజులు ఆగి పనిచేసే గుంపులో వాడొకడు. మొత్తం పదకొండు మంది. ఇద్దరు విదేశీయులు, తక్కినవాళ్లు మన దేశంవాళ్లే గాని తెలుగు రానివాళ్లు. దుబాసీ పనికి ఒక మిత్రుడు నన్ను వాళ్లకు అంటగట్టాడు. వ్యానులో గంటసేపు వల్లెవేసి ఆ కుర్రవాడు నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు వాక్యం "నేను వాలంటీరుని". ఆ మాట ఈ రాష్ట్రంలో ఏ ఆశ పుట్టిస్తుందో ముందే చెప్పి ఉండాల్సింది. నాకు తట్టలేదు.

2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. ఒకటో తేదీ పొద్దున్నే తలుపు తట్టి, వేలిముద్ర తీసుకుని, పింఛను చేతిలో పెట్టి పోయే మనిషి. మేం వెళ్లింది ఆ వ్యవస్థ నడుస్తున్న రోజుల్లోనే. లాటిన్‌లో ఇచ్ఛ అనే అర్థంతో పుట్టి, ఐరోపాలో తనంతట తాను సైన్యంలో చేరేవాడికి పేరై, దేశాలు తిరిగి పల్లెకు వచ్చేసరికి ఆ మాట పింఛను సంచీ భుజాన వేసుకుంది. పత్రికలవాళ్లు స్వచ్ఛంద సేవకుడు అని రాస్తారు. నోటితో అన్నవాణ్ణి నేనింకా చూడలేదు. జీతం లేకుండా చేసే పనికి మనకున్న పాత మాట వెట్టి. అందులో ఇచ్ఛ ఊసే లేదు.

ముసలమ్మకు నేనేదో సర్ది చెప్పబోయి ఇంకో గోతిలో పడ్డాను. "వీళ్లు మిషన్ ట్రిప్పు మీద వచ్చారమ్మా" అన్నాను. ఆమె వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ల ముఖాలు వెలిగాయి. "కుట్టు మిషన్లా? ఎందరికిస్తారంట?" తెలుగు నోట్లో యంత్రమూ మిషనే, లాటిన్‌లో పంపడం అనే అర్థమున్న ఆ రెండో మాటా మిషనే. చిత్తూరు, వేలూరు ప్రాంతాల్లో మిషన్ ఆసుపత్రి, మిషన్ కాంపౌండు, మిషన్ బడి అని నూరేళ్లకు పైగా అంటున్నా, దేని నుంచో ఎవరినో పంపారన్న అర్థం ఎవరి మనసులోకీ రాదు. పంపినవాళ్లకు తెలుసేమో. వచ్చిన చోట ఉన్నవాళ్లకు ఆ వివరం అనవసరం.

ఆ చిక్కు విప్పింది అక్కడి పాస్టరు. రేకుల కప్పు చర్చి ముందు నిలబడి, "వీళ్లు మనతో కలిసి పరిచర్య చేసేదానికి వచ్చినారు" అన్నాడు. అందరూ తలలూపారు. పింఛను రాదనీ, కుట్టు మిషన్లు రావనీ కూడా ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయింది. నా మనసు అక్కడే ఆ మాట దగ్గర ఆగింది. ఆ రెండు రోజులూ పిల్లల వేసవి బైబిలు బడి (వీబీఎస్) పాటలకు, చర్చి గోడలకు సున్నం కొట్టే పనికి, బకెట్ల బేరానికి దుబాసీగా తిరుగుతూనే ఉన్నాను గాని, లోపల నమిలింది మాత్రం పరిచర్య అనే మాటనే.

సంస్కృతంలో ఇది పరి, చర్ కలిసిన మాట. పరి అంటే చుట్టూ. చర్ అంటే తిరుగు. పరిచర్య అంటే నిజానికి చుట్టూ తిరగడం. ఎవరి చుట్టూ? రోగి చుట్టూ, అతిథి చుట్టూ, గురువు చుట్టూ, యజమాని చుట్టూ. నీళ్లు కావాలా, దుప్పటి జారిందా, దీపం కొండెక్కిందా అని చూస్తూ ఆ మనిషి చుట్టే మసలుతూ ఉండేవాడు పరిచారకుడు. సేవ ఒక భావన అయితే, పరిచర్యలో కాళ్లు కనిపిస్తాయి.

ఒక ఉపసర్గ మారితే అదే ధాతువు ఎన్ని ఊళ్లకు పోతుందో చూడండి. ఆచారం, విచారం, సంచారం, ఉపచారం, అపచారం, ప్రచారం. పశువులు చరించడంలో ఉన్నదీ ఇదే. చర్ ధాతువుకు పాత వ్యాకర్తలు చెప్పిన అర్థాలు రెండు: వెళ్లడం, తినడం. గొడ్డు రెండూ ఒకేసారి చేస్తుంది గనక అక్కడ పేచీ లేదు. ఇలాంటి వింతే సేవ అనే మాటలోనూ ఉంది. దేవుణ్ణి సేవిస్తాం, మందు సేవిస్తాం. "మద్యం సేవించి వాహనం నడపరాదు" అని హైవే మీద బోర్డు కనిపించినప్పుడల్లా, ఇంత భక్తిగల క్రియ ఇక్కడికెలా చేరిందని నాకు నవ్వొస్తుంది. చేసేవాడికీ తినేవాడికీ మధ్య గీత మన సేవా పదాల్లో మొదటి నుంచీ పలచనే. మా వ్యానులోని పదకొండు మందికీ పొద్దునా రాత్రీ సంగటి కెలికిపెట్టినవాళ్లు ఎవరన్నది కాసేపట్లో వస్తుంది.

ఈ మాటకు దూరపు చుట్టాలున్నారు. భాషావేత్తలు చర్ ధాతువును, లాటిన్‌లో నేల దున్నడానికీ, ఒక చోట నివసించడానికీ, దేవుణ్ణి కొలవడానికీ వాడే 'కోలో' అనే క్రియనూ ఒకే మూలానికి చేరుస్తారు. ఇంగ్లీషులోని కల్చరు, కాలనీ, కల్టు ఆ క్రియ పిల్లలే. మన చక్రం కూడా ఆ వంశానిదే. అంతకన్నా సొగసైన సంగతి ఇంకొకటి. గ్రీకులో సేవకురాలికి 'ఆంఫిపొలొస్' అని పాత మాట. ఆంఫి అంటే ఇరువైపులా, చుట్టూ. రెండో ముక్క మన చర్‌కు తోబుట్టువు. లాటిన్‌లో 'అంకిల్లా', దాసి. దాన్ని విప్పినా అదే పొందిక: చుట్టూ, తిరిగేది. ఒకరినుంచి ఒకరు అప్పు తెచ్చుకోకుండా మూడు భాషలూ సేవకు ఒకే బొమ్మ గీశాయి. మనిషి చుట్టూ తిరిగే మనిషి. దేవదూతతో తనను దాసినని చెప్పుకున్న మరియ నోట లాటిన్ బైబిలు పెట్టిన మాట ఆ అంకిల్లానే. మన బైబిల్లో దాసురాలు అని ఉంది. పరిచారిక అని ఉంటే ఈ చుట్టరికం కనబడేది.

సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికం ఉందని గట్టిగా చెప్పినవాడిగా 1786లో కలకత్తాలో మాట్లాడిన విలియం జోన్స్‌ను తలుస్తాం. అంతకు పంతొమ్మిదేళ్ల ముందే, 1767లో, ఆ పోలికల్ని జాబితా వేసి పారిస్ పండితులకు జాబు రాసినవాడు గాస్తోన్ కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ గురువు. 18వ శతాబ్దం మొదట్లోనే పుంగనూరు దాకా వచ్చిన కర్ణాటక మిషన్ మనిషి ఆయన, తెలుగు నేర్చినవాడు. ఆ జాబు అచ్చుకెక్కేసరికి 1808 అయింది. పేరు జోన్స్‌కు పోయింది. సువార్త చెప్పడానికి వచ్చి మాటల చుట్టూ తిరిగిన వాళ్ల మీద నాకున్న పక్షపాతం దాచుకోను.

ఛాందోగ్య ఉపనిషత్తులో సత్యకాముడి కథ ఉంది. నా గోత్రమేమిటని కొడుకు అడిగితే తల్లి జబాల దాపరికం లేకుండా చెబుతుంది: వయసులో చాలా చోట్ల తిరుగుతూ, పరిచారిణిగా బతుకుతూ నిన్ను కన్నాను, గోత్రం నాకు తెలియదు. అక్కడ చరంతీ, పరిచారిణీ అనే రెండు మాటలు పక్కపక్కనే పడతాయి. ఊళ్లు తిరగడం, ఇళ్లలో మనుషుల చుట్టూ తిరగడం, ఒకే ధాతువు రెండుసార్లు. ఆమె బతుకంతా ఆ రెండు మాటల్లో ఉంది. దారి వెంట వచ్చి పరిచర్య చేస్తామన్న మా వ్యాను బృందానికి ఇంతకన్నా పాత ముందుమాట దొరకదు. ఒక తేడా ఉంది. జబాలకు తిరుగు టికెట్టు లేదు.

ఈ మాట మీద ఇంకో బరువు కూడా ఉంది. భగవద్గీత 18వ అధ్యాయం 44వ శ్లోకం నాలుగో వర్ణానికి నిర్ణయించిన కర్మకు పెట్టిన విశేషణం పరిచర్యాత్మకం. అంటే శతాబ్దాలపాటు ఈ మాట కొందరికి పుట్టుకతో అంటగట్టిన పని. ఆ నాలుగు వర్ణాల లెక్కలో కూడా చోటు లేని మాలపల్లె, మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లతో నిండిన సంఘాల్లో అదే మాట గౌరవ పదమై కూర్చుంది. ఒకప్పుడు నువ్వు చేయి అన్న పనిని ఇప్పుడు నాకు దేవుడిచ్చాడు అని చెప్పుకుంటున్నారు. మాట మారలేదు, దాన్ని పలికే నోరు మారింది. అయితే గౌరవం వచ్చిన మాటకు గర్వమూ వస్తుంది. గోడ పోస్టర్ల మీద మనిషి ముఖం నిలువెత్తున వేసి, కింద ఫలానావారి పరిచర్యలు అని రాసినప్పుడు ఎవరు ఎవరి చుట్టూ తిరుగుతున్నారో పాపం ఆ మాటకే తెలియాలి. ఇంగ్లీషులో మినిస్టరుకూ ఇదే గతి పట్టింది. లాటిన్ మూలంలో మినిస్టరు అంటే తక్కువవాడు, మెజిస్ట్రేటుకు మూలమైన మాజిస్టరు అంటే ఎక్కువవాడు. చిత్తూరు కలెక్టరాఫీసులో ఎవరు వస్తే ఎవరు లేచి నిలబడతారో చూసినవాడెవడూ ఈ వ్యుత్పత్తిని నమ్మడు.

బైబిలు గ్రీకులో ఈ చోట ఉన్న మాట 'దియాకొనొస్'. దానికి ఒక అందమైన పాత వ్యుత్పత్తి చెబుతారు: దియా, గుండా, కొనిస్, దుమ్ము. దుమ్ములోంచి పరుగెత్తి వచ్చేవాడు. ఇప్పటి పండితులు ఒప్పుకోరు, అచ్చు నిడివి కుదరదంటారు. ఒప్పుకోకపోయినా మే నెలలో పాకాల రోడ్డు మీద వ్యాను దిగిన ఆ పదకొండు మందిని చూస్తే నాకు మాత్రం ఆ తప్పుడు వ్యుత్పత్తే నిజమనిపించింది.

ఆ గ్రీకు మాటకు చెందిన క్రియను మన అనువాదకులు ఎలా పట్టుకున్నారో చూద్దామని, రెండో రాత్రి చర్చి అరుగు మీద పడుకుని పాస్టరు దగ్గర బైబిలు అడిగి తీసుకున్నాను. మార్కు సువార్త మొదటి అధ్యాయం. 13వ వచనంలో అరణ్యంలో ఉన్న యేసుకు దేవదూతలు చేసింది పరిచర్య. అదే అధ్యాయం 31వ వచనంలో జ్వరం తగ్గి లేచిన పేతురు అత్త ఇంటికొచ్చినవాళ్లకు చేసింది ఉపచారము. గ్రీకులో రెండు చోట్లా ఒకే క్రియ. దేవదూతలు చేస్తే పరిచర్య, అత్తగారు చేస్తే ఉపచారం. లూకా ఎనిమిదో అధ్యాయంలో తమ ఆస్తితో ఆ బృందాన్ని పోషిస్తూ వెంట నడిచిన స్త్రీలు చేసిందీ ఉపచారమే. రోమీయులకు రాసిన పత్రికలో ఫీబే అనే ఆమెకు పరిచారకురాలు అన్న మాట దక్కింది గనక అనువాదకుల మీద పూర్తిగా నింద వేయలేను. అయినా వంటింటి వైపు చేరగానే మాట ఒక మెట్టు దిగిందన్నది మాత్రం కళ్ల ముందే ఉంది. తప్పు అనువాదం అనను. ఉప అంటే దగ్గర. దగ్గరికి పోవడం. చుట్టూ తిరగడం కన్నా అదే ఆప్యాయమైన మాట అని వాదించవచ్చు. నేను వాదించను, ఎందుకంటే గోడకు సున్నం కొట్టినవాళ్ల పేర్లు ఆ సాయంత్రం ప్రార్థనలో ఒక్కొక్కటిగా వినిపించాయి, సంగటి కెలికినవాళ్ల పేర్లు వినిపించలేదు.

పాకాల నుంచి తిరుపతి ఎంతో దూరం కాదు. అక్కడ కొండ మీద కూడా పరిచారకులు ఉన్నారు. అర్చకులకు లోపలి కైంకర్యాల్లో సాయపడేవాళ్లకు వైష్ణవాలయాల్లో ఉన్న పేరే అది. తెలుగు బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో డీకన్లకు ఉన్న పేరూ అదే. రెండు చోట్లా ఒకే అక్షరాలు. కైంకర్యం అన్న మాట ఇంకా ముచ్చటైనది: కింకరుడు, అంటే ఏం చేయమంటారు అని అడుగుతూ నిలబడేవాడు. చేసే పనితో కాకుండా అడిగే ప్రశ్నతో మనిషికి పేరు పెట్టారు. 2000లో దేవస్థానం మొదలుపెట్టిన శ్రీవారి సేవలో ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో జట్లు కట్టుకుని, రైళ్లలో బస్సుల్లో వచ్చి, మెడలో కండువా వేసుకుని, క్యూల్లో మంచినీళ్లు అందించి, అన్నప్రసాదం వడ్డించి పోతుంటారు. దారి పట్టి వచ్చి, జీతం లేకుండా చేసి, తిరిగి పోయేవాళ్లు. మా వ్యానుకూ ఆ బస్సులకూ పోలిక చెబితే రెండు వైపులా కోపం వస్తుందేమో గాని, మాటలు చెబుతున్నవే నేను చెబుతున్నాను.

కొండ దగ్గరికి వచ్చేసరికి చర్ ధాతువుకు ఇంకో ఉపసర్గ ముఖ్యమవుతుంది. 2007లో వచ్చిన ఆర్డినెన్సు, దాని వెనకే చట్టం, తిరుమల వంటి క్షేత్రాల్లో ఇతర మత ప్రచారాన్ని నిషేధించాయి. ప్రచారం. ప్ర అంటే ముందుకు, బయటికి. ఇక దేశమంతటా ఉన్న వీసా నిబంధన ప్రకారం పర్యాటక వీసా మీద వచ్చిన విదేశీయుడు చర్చిలో కూర్చోవచ్చు, ప్రసంగం వినవచ్చు. తాను బోధించకూడదు, కరపత్రాలు పంచకూడదు. మా పల్లె పాస్టరుకు ఇవన్నీ కంఠతా వచ్చు. విదేశీయులిద్దరూ సాక్ష్యం చెబుతామని సంబరపడుతుంటే, "చెప్పు సార్ వాళ్లకి, నోరు వద్దు, చేతులు చాలు" అన్నాడు నాతో. ప్రచారానికీ పరిచర్యకూ ఉన్న తేడాను ఇంత పొట్టిగా ఏ నిఘంటువూ చెప్పలేదు. ప్ర పోతూ ఉంటుంది. పరి తిరిగి వస్తుంది.

ఈ కొలతతో మా ప్రాంతపు పాత మిషనరీలను చూడాలనిపించింది. జాకబ్ చేంబర్లెన్ అమెరికా నుంచి ఆర్కాటు మిషన్‌కు వచ్చిన వైద్యుడు. 1863లో స్థానిక సహాయకులు నలుగురిని వెంటబెట్టుకుని నిజాం రాజ్యం గుండా, గోదావరి అడవుల మీదుగా సుమారు 1,200 మైళ్లు తిరిగాడు. వరదలు, పులులు, జ్వరాలు. ఆ కథలన్నీ పుస్తకాలై అమెరికాలో బాగా చదివించుకున్నాయి. మిషన్ ట్రిప్పు అన్న మాట పుట్టకముందే అసలైన మిషన్ ట్రిప్పు అది. పుస్తకాలకెక్కిన ఆ పన్నెండు వందల మైళ్ల కన్నా నాకు ముచ్చట గొలిపేది తర్వాతి చేంబర్లెన్. మదనపల్లెలో దవాఖానా పెట్టుకుని కూర్చున్నవాడు, తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా మాటకు మాట తూచినవాడు, 1908లో మదనపల్లెలోనే కన్నుమూసినవాడు. మొదటిది సంచారం, రెండోది పరిచర్య.

ఇంకా సరైన ఉదాహరణ చిత్తూరుకు గంట దూరంలో ఉంది. వేలూరు ఆసుపత్రిని నిలబెట్టిన ఐడా స్కడర్ కారు వేసుకుని గుడియాత్తం రోడ్డు వెంట పోయేది. వారం వారం అదే రోడ్డు, అవే చెట్లు. ఏ చెట్టు కింద బండి ఆగుతుందో జనానికి తెలుసు గనక ముందే వచ్చి కూర్చునేవారు. రోడ్‌సైడ్ అని దానికి పేరు. కొత్త ఊరు కనిపెట్టడం అందులో లేదు. పోయిన వారం కట్టు కట్టిన కాలును ఈ వారం విప్పి చూడటం ఉంది. ఆసుపత్రి లోపల దీన్నే రౌండ్స్ అంటారు. "డాక్టరు రౌండ్సుకు వచ్చారా?" అని వేలూరు వరండాల్లో మన చిత్తూరువాళ్లు అడుగుతుంటే, పరిచర్య అనే మాటకు అచ్చమైన అనువాదం వాళ్లకు తెలియకుండానే చేస్తున్నారనిపిస్తుంది. 1915లో మదనపల్లె దగ్గర మొదలైన క్షయ ఆసుపత్రి ఉన్న ఊరి పేరే ఆరోగ్యవరం. మందులు లేని ఆ కాలంలో అక్కడ రోగి నెలల తరబడి మంచం మీదే. కదిలేది నర్సొక్కతే, మంచం నుంచి మంచానికి, తిరిగి మొదటి మంచానికి.

అలాగని వ్యాను ఎక్కి వచ్చినవాళ్లను తక్కువ చేయబోను. 1960లలో ఐరోపా నుంచి పాత లారీల్లో టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ దాటుకుని ఇండియాకు వచ్చిన ఆపరేషన్ మొబిలైజేషన్ కుర్రాళ్ల గురించి విన్నప్పుడల్లా నాకు అసూయే. మా కుర్రాళ్లూ మంచివాళ్లు. ఎండకు మొహాలు మాడినా సున్నం కుంచె కింద పెట్టలేదు. పిల్లలు వాళ్ల భుజాల మీదెక్కారు. పింఛను అడిగిన ముసలమ్మ రెండో రోజు ఆ కుర్రవాడికి తన తోపులోని మామిడికాయ ఉప్పూ కారం అద్ది పెట్టింది. చర్ ధాతువు రెండో అర్థం నెరవేరింది.

మూడో రోజు పొద్దున వ్యాను చంద్రగిరి వైపు కదిలింది. నేను పాకాలలో రైలెక్కాల్సి ఉంది గనక వెనక ఉండిపోయాను. పాస్టరు భార్య, అంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, సంగటి పాత్రలు తోమి బోర్లించి, చెంగుతో చేతులు తుడుచుకుని, మూత పెట్టిన గిన్నె ఒకటి సంచిలో పెట్టుకుని వాకిలి దాటుతోంది. రెండు రోజులుగా పదకొండు మందికి మూడు పూటలా వండిన మనిషి. కాసేపు కూర్చోవచ్చు గదా అనిపించింది.

"ఎక్కడికమ్మా, ఇంత ఎండలో?" అన్నాను.

"యాడికీ లేదు సార్. ఆ మూలింట్లో పిల్లోడికి జరం. కింది వీధిలో కానుపైన బిడ్డొకతుండాది. వీళ్లొచ్చినారని రెండు దినాలు చూడనే లేదు" అంది. చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే, "అట్లా ఒక చుట్టు చుట్టేసి వచ్చేస్తా. మీకు రైలుకు ఇంకా టైముంది గదా, సల్ల తాగేసి పోండి."